ఆకు ఎవరిది?

మా ఇంట్లో గోడకు ఒకే మేకు మీద రెండు వేలాడుతుంటాయి. ఒకటి అమ్మ బీడీల లెక్క రాసుకునే క్యాలెండర్. రెండోది వాగ్దానం కార్డు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటగానే పాస్టరయ్య ఒక పళ్ళెంలో కార్డులు బోర్లించి పట్టుకుంటారు. వరుసగా వెళ్ళి తలా ఒకటి తీసుకోవాలి. దాని మీద ఏ వాక్యం ఉంటే అది ఆ సంవత్సరానికి దేవుడు మనకిచ్చిన మాట. మా తమ్ముడు తనకొచ్చింది నచ్చకపోతే మెల్లగా మళ్ళీ పళ్ళెంలో పెట్టి ఇంకోటి తీస్తాడు. నేను చూశాను గాని ఎవరికీ చెప్పలేదు.

నాకు ఇంకో అలవాటు ఉండేది. ఏదైనా తేల్చుకోలేకపోతే కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టేదాన్ని. ఏడో తరగతిలో గ్యాదరింగ్‌లో డాన్సు చెయ్యాలా వద్దా అని అట్లాగే అడిగాను. మా సంఘంలో కొందరికి సినిమా పాటల డాన్సులు ఇష్టం ఉండదు. నా వేలు దినవృత్తాంతముల గ్రంథంలో పేర్ల వరుస మీద పడింది. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, వాడు ఇంకొకణ్ణి కన్నాడు, అంతే. ఇంతమంది పేర్లు కలిసి ఉన్నాయి కాబట్టి నన్నూ గుంపులో చేరమనే అర్థం అనుకుని డాన్సులో చేరిపోయాను. డ్రెస్సుకు కొలతలు ఆ ముందు రోజే ఇచ్చేశాను, అది వేరే సంగతి.

ఈసారి మ్యాగజైనుకు "నేను తీసుకున్న నిర్ణయం" మీద రాయమని మా తెలుగు టీచరు చెప్పారు. మా క్లాసులో చాలామంది పదో తరగతి తర్వాత సైన్సా కామర్సా అన్నదే రాస్తున్నారు. నాకు ఆ నిర్ణయం ఇంకా రాలేదు. వచ్చిన నిర్ణయం ఒక ఆకు మూట గురించి.

మేము ఉండేది సోలాపూర్ దగ్గర కుంభారిలో, బీడీ కార్మిక స్త్రీల కోసం కట్టిన గోదూతాయి పరుళేకర్ కాలనీలో. 10,000 ఇళ్ళు. 2006లో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు వచ్చి ఇచ్చారు. ఇక్కడ ఏ సందులో నడిచినా గుమ్మాల్లో చాటలు ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళు కనిపిస్తారు, సగం ఇళ్ళలోంచి తెలుగు వినిపిస్తుంది. మా తాతవాళ్ళు నల్లగొండ జిల్లా నుంచి మగ్గం పని కోసం వచ్చారు. నాన్న ఇప్పుడు పవర్‌లూమ్‌లో టవల్స్ నేస్తాడు. అమ్మ, నేను బీడీలు చుడతాం. నానమ్మ కూడా చుట్టేది, కళ్ళు మసకబారాక మానేసింది.

చదివేవాళ్ళలో చాలామందికి ఇది తెలిసిందే అయినా, తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. కార్ఖానాలో వెయ్యి బీడీలకు ఇంత తునికాకు, ఇంత తంబాకు అని తూచి ఇస్తారు. ఆకు నీళ్ళలో తడిపి, గుడ్డలో చుట్టి ఉంచి, మెత్తబడ్డాక రేకు కొలత పెట్టి కత్తిరించాలి. ఆ ముక్కలో తంబాకు వేసి చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. అయితే ఇచ్చిన ఆకు ఎప్పుడూ వెయ్యికి సరిపోదు. చిల్లులున్న ఆకు, ముదురు ఆకు పోగా తొమ్మిది వందలు అయితే గొప్ప. మిగతా దానికి ఆకు మేమే బజారులో కొనుక్కోవాలి. అంటే అమ్మ కూలిలో కొంత మళ్ళీ ఆకుకే పోతుంది. ఈ కోపం మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. ఇది ముందే చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఒకసారి యువజన కూటానికి బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు పొగాకు ముట్టిన చేతులతో దేవుణ్ణి స్తుతించలేమని గట్టిగా చెప్పారు. నేను నా వేళ్ళు చున్నీలో దాచుకున్నాను. చుట్టూ చూస్తే అందరు అమ్మాయిలూ చేతులు ఒళ్ళోకి లాక్కున్నారు. ఆ తర్వాత కానుక పళ్ళెం వచ్చింది. అందులో వేసినవన్నీ ఆ చేతుల డబ్బులే. నేను తర్వాత మా పాస్టరయ్యను అడిగాను, మేము చేసేది పాపమా అని. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది తల్లీ. నేనింకా దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను" అన్నారు. వెంటనే ఒక వాక్యం చెప్పి పంపించకపోవడం నాకు నచ్చింది. నాకు కూడా దానికి జవాబు దొరకలేదు. నర్సింగ్ చదవాలని మాత్రం ఉంది.

ఇప్పుడు ఆకు సంగతి. పోయిన సంవత్సరం దీపావళి సెలవుల్లో, ఒక గురువారం, అమ్మకు మోకాళ్ళ నొప్పి ఎక్కువై నన్ను కార్ఖానాకు పంపింది. బీడీలు అప్పగించాను. మునీమ్ ఆకు తూచి మూట కట్టి నా సంచిలో వేశాడు. అప్పుడే ఆయనకు ఫోను వచ్చింది. ఫోనులో మాట్లాడుతూనే, బల్ల మీద కట్టి పెట్టి ఉన్న ఇంకో మూట తీసి అది కూడా నా సంచిలో వేసి, పుస్తకంలో టిక్కు పెట్టాడు. నేను చూశాను. చూసి, సంచి మూతి ముడి వేసుకుని వచ్చేశాను. పరుగెత్తలేదు గాని మామూలు కంటే తొందరగా నడిచాను.

అమ్మ సంచి విప్పి, "ఇంత ఆకేందే?" అన్నది.

"ఎక్కువిచ్చిండమ్మా."

అది అబద్ధం కాదు. అందుకే ఇంకా చెడ్డది అనిపిస్తుంది ఇప్పుడు. అమ్మ ఆకు పట్టుకుని వెలుగులో చూసింది. లేత ఆకు, చిల్లుల్లేవు. "ఎన్ని దినాల నుంచి తక్కువిస్తుండు, ఇయ్యాల దేవుడే మన దిక్కు జూసిండు" అని రెండు మూటలూ విప్పి నీళ్ళలో వేసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి బైబిలు తీశాను. కాని ఈసారి కళ్ళు మూసుకోలేదు. నేను పదో తరగతి కదా, ఆధారాలు వెతికి రాయడం వచ్చు. యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో పనివాళ్ళ కూలి బిగబట్టిన ధనవంతుల మీద, ఆ కూలే మొర పెడుతుందని ఉంది. దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. నిర్గమకాండం పన్నెండులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి వచ్చేటప్పుడు అక్కడివాళ్ళ దగ్గర వెండి బంగారం అడిగి తెచ్చుకున్నారు, అన్నేళ్ళు ఊరికే పని చేయించుకున్నారు కాబట్టి. అది కూడా మాకు సరిపోయింది. సామెతలు పదకొండో అధ్యాయం మొదట్లోనే దొంగ తూకం దేవునికి గిట్టదని ఉంటుంది. అక్కడ కొంచెం ఆగాను. తర్వాత, తూచింది నేను కాదు కదా, ఆ మాట మునీమ్‌కు అనుకున్నాను. సామెతల గ్రంథం కూడా మా వైపే వచ్చింది. మూడు ఆధారాలు. నాకు చాలా తృప్తి అయ్యింది. పరీక్షలో అయిదు మార్కుల జవాబు పూర్తి చేసినట్టు ఉంది.

శుక్రవారం సాయంత్రం ఈ మూడూ నానమ్మకు చెప్పాను. నానమ్మకు చదువు రాదు. బైబిలంతా విని నేర్చుకున్నదే. నేను చెప్పడం అయ్యేదాకా దారం ఉండకు చుడుతూ కూర్చుంది. అయ్యాక,

"అయితే ఆకెవలిదే?" అన్నది.

"కంపెనీది."

"కంపెనీ వచ్చి ఆకు నెత్తిన ఎత్తుకపోతదా? ఎవలో ఒకామె పేరు మీద రాసి కట్టి పెడ్తరు. గామె ఎవలు?"

నేను దాని గురించి ఆలోచించనే లేదు. మూడు పుస్తకాలు వెతికాను గాని ఆ బల్ల మీది మూట ముందే ఎందుకు కట్టి ఉందో అనుకోలేదు.

నానమ్మ సొలొమోను కథ ఎత్తుకుంది. ఒక్క బిడ్డ కోసం ఇద్దరు ఆడవాళ్ళు తగువులాడుతూ రాజు దగ్గరికి వచ్చిన కథ. సండే స్కూల్లో మేము దాన్ని నాటకం కూడా వేశాం, నేను కత్తి పట్టుకున్న భటుణ్ణి. "సొలొమోను ఏం పుస్తకం తీసిండే? గా ఇద్దరి మొకాలు జూసిండు. బిడ్డ ఎవల్దో గది జూసిండు" అన్నది నానమ్మ. ఇంటికొచ్చినాక మొదటి రాజుల గ్రంథం మూడో అధ్యాయం తీసి చూశాను. నిజమే. దానికి ముందే గిబియోనులో దేవుడు కలలో ఏం కావాలో అడగమంటే, సొలొమోను న్యాయం వివేచించే హృదయం అడిగాడు. జవాబులు అడగలేదు. ఇది మేము నాటకంలో వెయ్యలేదు, టైము లేక మొదటి భాగం తీసేశాం.

శనివారం పొద్దున్నే నల్లా దగ్గర తెలిసిపోయింది. ఎనిమిదో లైను పెద్దమ్మది ఆ మూట. ఆమెకు కూడా మోకాళ్ళ నొప్పులే. మూట కట్టాక కాసేపు మెట్ల మీద కూర్చుందట. లేచి వస్తే, "తీసుకపోయినవ్ గదా, టిక్కు ఉంది" అన్నాడట మునీమ్. ఆమె లేదంటే, ఆకు బయట అమ్ముకుని నాటకం ఆడుతున్నావని అందరి ముందు అన్నాడట. ఆకు ఖరీదు ఆమె లెక్కలో బాకీ రాశాడు. ఆమె అప్పు చేసి బజారులో ఆకు కొన్నది. నల్లా దగ్గర ఇద్దరు ఆమె వైపు, ముగ్గురు మునీమ్ వైపు మాట్లాడుతున్నారు. "ముసల్ది అట్ల జేస్తదా" అని ఒకరు, "ఏమో, కొడుకు తాగుతడు గదా" అని ఒకరు. నేను బిందె నిండకుండానే తీసుకుని వచ్చేశాను.

ఇంట్లో అమ్మ చుడుతోంది. చెప్పాను, మునీమ్ రెండో మూట వెయ్యడం నేను చూశానని కూడా చెప్పాను. అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. చేతిలో బీడీ దారం కట్టకుండానే చాటలో పడింది.

అమ్మ భయం నాకు తెలుసు. కార్డు. బీడీ కార్డు ఉంటేనే పీఎఫ్, ఆస్పత్రి, మా ఇద్దరి చదువుకు స్కాలర్‌షిప్. ఆకు దొంగతనం అని మునీమ్ ఒక్క ముక్క రాస్తే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. షిఫ్టు దిగి వచ్చిన నాన్న అన్నీ విని, "రాత్రి ఆమె గుమ్మంల బెట్టి వచ్చేద్దాం. ఆకు ఆమెకు జేరుతది, మనకు మాట రాదు" అన్నాడు. నాకు అది చాలా తెలివైన మాట అనిపించింది. నిజం చెప్పాలంటే నేనే వెళ్ళి పెట్టి వస్తానన్నాను.

అమ్మ చాలాసేపటికి, "ఆకు ఇంటికి పోతది. దొంగ అన్న మాట కార్ఖానాలనే ఉంటది" అన్నది. ఇంకొంచెంసేపటికి, "జక్కయ్య నిలబడి చెప్పిండు, గుమ్మంల బెట్టి రాలేదు" అన్నది.

"జక్కయ్య నాలుగంతలు ఇస్తా అన్నడు. మనతోని అయితదా?" అన్నాడు నాన్న. ఆయనకు కూడా బైబిలు బాగానే గుర్తుంటుంది, ఖర్చు వచ్చినప్పుడు.

నాలుగంతలు కాలేదు. ఆకు అప్పటికే తడిసి, సగం కత్తిరించి ఉంది, మూటగా తిరిగి ఇచ్చే వీలు లేదు. అందుకని ఆ ఆకంతా బీడీలుగా చుట్టి ఇద్దామని అమ్మ తేల్చింది. సాయంత్రం అయిదింటికి కూర్చున్నాం. నానమ్మ తడిమి చూస్తూ కట్టలు కట్టింది. తమ్ముడు లెక్క పెట్టి రెండుసార్లు తప్పాడు. తంబాకు మాదే వేశాం. నలభై కట్టలు అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. ఆ రాత్రి ఎవరం ప్రార్థన చెయ్యలేదు, పడుకుండిపోయాం.

ఆదివారం ఆరాధన నుంచి నేరుగా ఎనిమిదో లైనుకు వెళ్ళాం, తెల్ల చీరలో అమ్మ, సంచి పట్టుకుని నేను. పెద్దమ్మ మా సంఘం కాదు, మార్కండేయుడి గుడికి వెళ్ళేవాళ్ళు. నేను చెప్పాను. మధ్యలో ఏడుపు వచ్చింది. పెద్దమ్మ కరిగిపోయి నన్ను దగ్గరికి తీసుకుంటుందని ఎక్కడో అనుకున్నాను కాబోలు. ఆమె సంచి వైపు కూడా చూడలేదు.

"మూడొద్దులు నన్ను దొంగను జేసిన్రు. ఇయ్యాల ప్రార్థన జేసుకుని వస్తరా?" అన్నది. అమ్మ తల వంచుకుంది. "నా కాడ ఏడ్సుడు గాదు. రేపు గాడ జెప్పు, అందరు ఇనాలె."

సోమవారం వెళ్ళాను. అమ్మ మోకాళ్ళ నొప్పితోనే వచ్చింది. వరుసలో ముప్పై మంది దాకా ఉన్నారు. నేను మునీమ్‌తో, "గురువారం మీరు పెద్దమ్మ మూట నా సంచిలో వేశారు. నేను చూసి కూడా చెప్పలేదు" అన్నాను. ఇంట్లో అద్దం ముందు ఇంకా పెద్దగా అనుకున్నాను, అక్కడ ఇంతే వచ్చింది. ఆయన మరాఠీలో తిట్టాడు, బడికి పోయే పిల్లవి ఇదేనా నేర్చుకున్నది అన్నాడు. అమ్మ కార్డు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పుడు నాకు ఒక్క వాక్యం కూడా గుర్తు రాలేదు. అమ్మ చెయ్యి పట్టుకున్నాను, అంతే. ఆయన కార్డు బల్ల మీద పడేసి, పెద్దమ్మ బాకీ కొట్టేసి, ఆ ఆకు మా లెక్కలో రాశాడు. తను పొరపాటు చేశానని మాత్రం అనలేదు. ఆమెను దొంగ అన్నందుకు కూడా ఏమీ అనలేదు.

ఆ తర్వాత రెండు వారాలు మా కట్టల్లోంచి మామూలు కంటే ఎక్కువ బీడీలు ఏరి బాగాలేవని పక్కన పడేశాడు. క్రిస్మస్‌కు తమ్ముడికి మాత్రమే కొత్త బట్టలు వచ్చాయి. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పినందుకు ఇదా అని. సండే స్కూల్ అక్కను అడిగితే, "నువ్వు లాభం అని చెప్పినవా, నిజం అని చెప్పినవా?" అన్నది. ఆ మాట అప్పుడు నాకు నచ్చలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా నచ్చలేదు. మునీమ్ తూకం సంగతి ఏమిటి మరి? యాకోబు పత్రికలో నేను గీసిన ఎర్ర గీత తప్పేమీ కాదు. ఆ మాట నిజంగా అక్కడ ఉంది, అది మా కూలి గురించే. నేను దాన్ని వేరే ఆమె మూట దాచుకోవడానికి వాడాను, తప్పు అక్కడ జరిగింది.

డిసెంబరు 31 రాత్రి మళ్ళీ కార్డు తీసుకున్నాను. అమ్మ దాన్ని పాత మేకుకే గుచ్చింది. కళ్ళు మూసుకుని వేలు పెట్టడం మానేశాను గాని, పరీక్షల ముందు ఒకసారి పెట్టాలనిపిస్తుంది.

పెద్దమ్మ మాతో మాట్లాడడం మానేసింది. నల్లా దగ్గర ఎదురైనా బిందె వైపే చూసేది. జనవరిలో ఒక శనివారం నేను అమ్మ బదులు మళ్ళీ వరుసలో నిలబడ్డాను. ఆమె నా కంటే ముందుంది. మునీమ్ ఆమె ఆకు కాటా మీద పెట్టాడు. ఆమె వెనక్కి తిరిగి, "ఏ పొల్లా, ఇటు రా" అన్నది. నేను వెళ్ళాను.

"నాకు గా ముల్లు కనవడదు. నీ కండ్లకు అన్నీ కనవడ్తయ్ గదా, జూసి జెప్పు."

అందరూ మా వైపే చూస్తున్నారు. నేను వంగి చూశాను. ముల్లు ఇంకా గీత దగ్గరికి రాలేదు. తక్కువుందని చెప్పాను, ఈసారి గొంతు కొంచెం పెద్దగానే వచ్చింది. మునీమ్ నా వైపు చూశాడు. తర్వాత బుట్టలోంచి గుప్పెడు ఆకు తీసి కాటాలో వేశాడు. "ఇంక జర" అన్నది పెద్దమ్మ.